అమ్మా, సుక్కి మంచిగనే ఉన్నది

అమ్మా,

నేను మంచిగున్న. నువ్వు, బాపు గూడ మంచిగున్నరనుకుంటున్న. ఫోన్ల మాట్లాడితె సగం కట్ అయితది, మిగిలిన సగం తిన్నవా తిన్నవా అని నువ్వు అడుగుడుకే సరిపోతది. అందుకె ఇది టైపు చేసి పెడ్తున్న, చెల్లె సదివి వినిపిస్తది. చెల్లె, నడుమ నడుమ నీ మాటలు కలపకు.

పని ఎప్పటిలెక్కనే. ఖర్జూరం చెట్లకు నీళ్లు, మేకలకు గడ్డి, మా యజమాని అర్బాబ్ వస్తె చాయ్. జూన్ నుంచి ఆగస్టు దాక పగటీలి పన్నెండున్నర నుంచి మూడున్నర దాక బయట పని చేపియ్యొద్దని ఈ ఒమన్ల సర్కారు రూల్ ఉన్నది, అందుకని టీవీల ఎండలు సూశి బుగులు పడకు. పైసలు బాపు ఖాతల ఏసిన, సూస్కొమ్మను.

ఇగ మొన్న నువ్వన్న మాట. నా కోడి సుక్కికి ఇంత సేవ చేసెటోడు పెండ్లి చేస్కుంటె పెండ్లానికన్న చేస్తడు గదా అని నువ్వు, చిన్నమ్మ పడి పడి నవ్విన్రు. నవ్వుండ్రి గాని నాకు జర కోపమచ్చింది. దాని సంగతి మీకు సక్కగ తెల్వదు.

అర్బాబ్ ఇరవై కోడిపిల్లల్ని తెచ్చి అట్టపెట్టెల పేపర్ పరిచి పెట్టిండు. నున్నటి పేపర్ మీద పిల్లకు కాలు నిలువదు, జారి జారి సుక్కికి రెండు కాళ్లు చెరో దిక్కు పోయినయ్, పొట్ట మీద ఈదినట్టు పాకుతుండె. మనింట్ల గంప కింద మట్టి ఉండె గదా, అందుకె మన పిల్లలకు ఎన్నడు ఇట్ల కాలె. మందుల దుకాణం మలయాళీ అన్న చెప్పిండు, మొదటి వారంలనే కట్టాలె, ఎముకలు ముదిరినంక కట్టినా ఫాయిదా లేదని. గాయానికేసే పట్టీని సన్నగ కత్తిరించి రెండు కాళ్ల నడుమ రెండు ఏళ్ల సందు ఉంచి కట్టిన, కింద గరుకు బట్ట పరిసిన. ఐదు దినాలల్ల ఎడమ కాలు సక్కగైంది. కుడిది కాలె, కీలు మీది నరం పక్కకు జారిందట, దాణాల మాంగనీసు తక్కువైనా గట్లయితదట. దినాలు గడిచినంక అది మళ్ల జాగకు రాదంట.

నువ్వు కొక్కెర తెగులేమో అన్నవ్. అది కాదే. అదైతె మెడ తిప్పుకుంటది, పచ్చగ పారుకుంటది, ఈ పాటికి షెడ్డంత ఊడ్సుకపోతుండె. ఇది బుక్కెడు తక్కువ గూడ తినదు.

అర్బాబ్ కోసుకొని తినుండ్రి అన్నడు. నాతోని పనిచేసే బంగ్లా అన్న కత్తి గూడ తెచ్చిండు. దాని తిండి నేను పెట్టుకుంట అని అడ్డం పడ్డ, అర్బాబ్ నవ్వి పోయిండు. అప్పటి సంది బంగ్లా అన్న దాన్ని లంగ్డీ, అంటె కుంటిది, అంటడు, నాకు నచ్చది.

ఇప్పుడు ఏడు నెల్లు నిండినయ్. కూసున్న కాడనే కూసుంటె రొమ్ము ఎముక కాడ ఈకలు ఊడి పుండైతది, పెంట అంటుకొని ఈగలు గుడ్లు పెడ్తె పురుగులు పడ్తయ్. అందుకె పొద్దున లేశి గోరువెచ్చని నీళ్లతోని కింద కడిగి మంచిగ తుడుస్త, తడి ఉంచొద్దు. నా గళ్ల లుంగి పాతది లేదా, దానికి రెండు తొర్రలు చేసి ఖర్జూరం డబ్బాకు ఉయ్యాల లెక్క కట్టిన, కాళ్లు కిందికి ఏలాడంగ అరగంట నిలవడ్తది. ముక్కుకు అందేటట్టు కోసిన సీసల నీళ్లు. మొదటిసారి పెట్టినప్పుడు నా దిక్కు ఎట్ల సూశిందంటె, బాపును మొదటిసారి గోడ పట్టిచ్చి నిలవెట్టినప్పుడు సూశినట్టే.

బాపు తాడిచెట్టు మీదికెల్లి పడ్డప్పుడు ఆర్నెల్లు నువ్వు పూటకోసారి మర్లేసుడు నేను సూశిన గదా. నాకెవ్వరు నేర్పలె ఇది. బాపుకు ఈ మాట సదవకు చెల్లె.

ఎండల దానికి మస్తు కష్టం. కోళ్లకు చెమట రాదు, నోరు తెరిచి ఎగపోసుడే. వేరేటియి నీడ ఎటు పోతె అటు పోతయ్, ఇది పోలేదు. రోజుకు నాలుగుసార్లు నీడ ఎన్క దాన్ని ఎత్తుకొని జరపాలె. మిగిలినయి పొడుస్తయని జాలీ అడ్డం పెట్టిన, గాని ఒంటరిగ ఉంటె తిండి మానుతదని మెత్తటి గుణం ఉన్న ఒక పెట్టను తోడు ఇడిసిన. బరువంత ఎడమ కాలు మీదనే గదా, మొన్న దాని అరికాలు వాసి, నడుమ నల్లటి పక్కు కట్టింది. ఉప్పు నీళ్లల్ల పెడ్తున్న, గీకుత లేను.

మొదటి గుడ్డు పెట్టింది, చెప్పిన్నా? పావురం గుడ్డుకు జర పెద్దగ. తినబుద్ధి కాలె, మూడు దినాలు కిటికిల పెట్టి సూస్కున్న, నాలుగో దినం బంగ్లా అన్న ఆమ్లెట్ ఏస్కున్నడు.

పొద్దుగూకంగ చాయ్ పట్టుకొని దాని పక్కన కూసుంట. ఈడ నా తెలుగు వినేటిది అదొక్కటే.

నువ్వు చెట్లు ఎక్కుతున్నవా అని మళ్ల మళ్ల అడుగుతున్నవ్. ఎక్కుత లేనే, ఎక్కుడంత బంగ్లా అన్ననే. ఎప్పుడన్న ఎక్కినా అవి మన తాటిచెట్లంత ఎత్తు ఉండయ్, మోకు లెక్కనే తాడు ఉంటది, కొత్తది కొన్నరు. బాపుకు చెప్పకు.

లీవు సంగతి. కోడి కోసం వస్తలేడని చిన్నమ్మ అన్నదంట. గట్లేం లేదు. లీవు అమ్ముకుంటె చెల్లె ఫీజు ఎల్తదని ఆగిన. అబద్ధమెందుకు, నేనొస్తె దాన్ని నీడకు ఎవ్వరు జరుపుతరు అని గూడ అనుకున్న.

2024 జాతరకు మనమంత మేడారం పోయినం, 2026 జనవరిది తప్పిపోయింది. నేను పాణంతోని తిరిగొస్తె కోడినిస్త అని సమ్మక్కకు మొక్కినవట గదా. అమ్మా, కోపం చేసుకోకు, ఆ మొక్కు బంగారంల, అదే బెల్లంల, తీర్చు. నా ఎత్తు బెల్లం తూకమేసి ఇయ్యి, పైసలు నేను పంపుత. తల్లి వచ్చెటప్పుడు ఎదురుకోళ్లని మందిల కోళ్లను పైకి ఇసురుతుంటె చిన్నప్పుడు నేనూ చప్పట్లు కొట్టిన. ఇప్పుడు తల్లి ముంగట అట్ల నిలవడలేననిపిస్తున్నది. తల్లికి చెప్పు, ఆమెకు అర్థమైతది.

వచ్చే నెల మనూరి మేస్త్రి లీవు అయిపోయి ఇటు వస్తున్నడు. బాపుకు రాసిన ఆముదం సీసడు, దంచిన పసుపు పావుకిల ఇచ్చి పంపు. సీస మూతకు టేపు మంచిగ సుట్టు, పోయినసారి మామిడికాయ తొక్కు కారి ఆయన బట్టలన్ని నూనెలైనయ్.

నీ కొడుకు