మీ లిస్టులో మా ఊరు ఎందుకు లేదు?

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారమండి. సఖినేటిపల్లి మండలంలో, కాలువ శివారున ఉన్న ఊరు మాది. మీ కంపెనీ మిషనుతో పెట్టుకున్న మంచినీళ్ళ ప్లాంటు కమిటీకి కోశాధికారిని. ఒప్పందం కాగితం, బిల్లుల జిరాక్సులు, డబ్బు కట్టిన రసీదులు ఈ ఉత్తరానికి జతచేశాను. అవన్నీ మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయని తెలుసు. ఉన్నా మళ్ళీ పంపమంటారనీ తెలుసు. అందుకే ముందే పెట్టేశాను.

ప్లాంటు సంక్రాంతి ముందు ఆగిపోయింది. ఇప్పుడు కాలువలకి నీళ్ళు కూడా ఆపేశారు. లోపల ఏం పోయిందో నేను రాయను. అది చూసి చెప్పాల్సినవాడు మీ మనిషి. మిషనన్నాక పాడవుతుంది, దానికి మేమేం గొడవ చేయడం లేదు. పాడైందని చెప్పిన దగ్గర్నుంచి మీరు మమ్మల్ని తిప్పిన తిప్పుడు ఉంది చూశారూ, దాని గురించి రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి. మీ లైన్లో మేం చూపించిన ఓపికతో పోలిస్తే ఇదేం పెద్ద పని కాదు.

మీ టోల్ ఫ్రీ నంబరుకి చేస్తే తెలుగు కోసం రెండు నొక్కమంటుంది. నొక్కుతాం. వీణ వాయిస్తారు. బాగానే వాయిస్తారు, మా మనవరాలికి ఆ ముక్క నోటికొచ్చేసింది కూడా. తర్వాత ఒక అమ్మాయి వచ్చి, "మీ రిజిస్టర్డ్ మొబైల్‌కి ఓటీపీ పంపించాను, చెప్పండి మేడమ్" అంటుంది. ఆ రిజిస్టర్డ్ మొబైల్ మా పాత కార్యదర్శిది. ఆయన మస్కట్‌లో పనికి వెళ్ళాడు. అక్కడ టైము మనకంటే గంటన్నర వెనక. నేను పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ చేస్తే ఆయన డ్యూటీ బస్సులో కునికిపాట్లు పడుతుంటాడు. ఆ బస్సులోనే అంకెలు చదివి వాట్సాప్‌లో వాయిస్ పెడతాడు. ఒక ఫోన్‌లో మీ అమ్మాయి, ఇంకో ఫోన్‌లో ఆయన, మధ్యలో బస్సు హారన్. ఏడో తొమ్మిదో తేల్చుకుని నేను అప్పజెప్పేసరికి, "సారీ మేడమ్, ఓటీపీ ఎక్స్‌పైర్ అయింది." పోనీ నంబరు మార్చి నాది పెట్టుకోమంటే, మార్చడానికి కావలసిన ఓటీపీ కూడా మస్కట్‌కే వెళ్తుందట!

అదే ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం, రెన్యువల్ రోజు దగ్గర పడిందనుకోండి, మీ సేల్స్ కుర్రాడు తిన్నగా నా నంబరుకే చేస్తాడు. ఓటీపీ ఉండదు, వీణా ఉండదు. "బాగున్నారా మేడమ్ గారూ, ఊళ్ళో అందరూ బాగున్నారా?" అని అడుగుతాడు. బాగున్నామనే చెప్పి ప్రతి ఏడూ గడువుకి ముందే కట్టాం. ఒక్క ఏడు కూడా తప్పలేదు. రసీదులు చూడండి.

ఎలాగో ఫిర్యాదు ఎక్కించాం. ఇక ఆఫీసుల మధ్య బంతాట మొదలైంది. రాజమండ్రి బ్రాంచికి చేస్తే, "మీరు ఇప్పుడు మా జిల్లా కాదండి, కోనసీమ" అన్నారు. నిజమే, 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, మేం కోనసీమలోకి వచ్చాం. అమలాపురంలో మీకు ఆఫీసే లేదు. కాకినాడ వాళ్ళు మీ పిన్ కోడ్ మా సిస్టమ్‌లో చూపించట్లేదన్నారు. నరసాపురంలో మీ ఇంజనీరు ఉన్నాడని తెలిసి, వశిష్ఠ దాటితే మేమే కదా, పంటు ఎక్కి రమ్మని అడిగాం. ఆయనకి రావాలనే ఉంది పాపం. కానీ నదికి అవతల వేరే జోనట, విజయవాడ ఒప్పుకోవాలట. విజయవాడ ఏమందంటే, "మీరు రాజమండ్రి కిందకే వస్తారు." ప్రభుత్వం జిల్లాలు మార్చి ఇన్నేళ్ళయింది, మీ కంప్యూటర్‌కి ఆ కబురు ఇంకా అందలేదు. పాత జిల్లాకి కాకుండా, కొత్త జిల్లాకి కాకుండా మమ్మల్ని గోదాట్లో వదిలేశారు.

ఈ మధ్యలో ఒకసారి, "పార్టు ఆర్డర్ పెట్టామండి, టైం పడుతుంది" అన్నారు. ఎవరూ వచ్చి చూడలేదు, మూత విప్పలేదు, ఏ పార్టు పోయిందని ఆర్డర్ పెట్టినట్టు? ఏ పార్టని అడిగితే, "అది మా సీనియర్ చెప్తారు" అన్నారు. సీనియర్ గారు ఎప్పుడు చేసినా మీటింగ్‌లో ఉంటారు. 1847లో మొదలెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట కట్టించేశాడు. ఆయనకి మీ సీనియర్ గారు తగలలేదు, అది మా తాతల అదృష్టం.

ఆ తర్వాత వచ్చిన మెసేజ్ చూసి మా కమిటీ మొత్తం నవ్వింది, నవ్వాక ఏడుపొచ్చింది. "కస్టమర్ అందుబాటులో లేనందున మీ ఫిర్యాదు ముగించబడినది." అందుబాటులో లేకపోవడానికి ప్లాంటు ఎక్కడికి పోతుందండీ? నాలుగు రోడ్ల మలుపులో సిమెంటు దిమ్మ మీద, మీ కంపెనీ బోర్డు కిందే ఉంది. పక్కన టీ కొట్టు పొద్దున్న నాలుగింటి నుంచి తెరిచే ఉంటుంది. ఎవరైనా వచ్చుంటే ఆ కొట్టు బెంచీ మీద కూర్చున్న పదిమందిలో ఒక్కరికైనా కనపడేవారు.

మా ప్రాంతం సంగతి మీకు తెలిసినట్టు లేదు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్ళు పై ఊళ్ళన్నీ వాడుకోగా మిగిలితే మా దాకా వస్తాయి. బోరు వేస్తే ఉప్పు కషాయం, సముద్రం అంత దగ్గర. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకుని, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా దాన్నే తాగాలి. చివరి రోజుల్లో ఆ నీళ్ళు పచ్చగా మారి బిందెలో పట్టగానే వాసనొస్తాయి. శివారు రైతు ఎంత మొత్తుకున్నా పైనున్నవాడి అవసరం తీరాకే అతని చేలోకి నీరు. మీ సర్వీసు దగ్గర కూడా మేం శివారు ఆయకట్టే అయ్యాం.

అందుకే ఈ ప్లాంటు పెట్టుకున్నాం. డ్వాక్రా సంఘాల పొదుపులోంచి కొంత, రామాలయం కమిటీ కొంత, చర్చిలో పోగుచేసింది కొంత, గల్ఫ్‌లో ఉన్న మా పిల్లలు పంపింది కొంత. డబ్బు పోగవడం తేలిక. ఎక్కడ పెట్టాలన్నది తేలడమే కష్టమైంది. గుడి పక్కన అని కొందరు, పంచాయతీ ఆఫీసు దగ్గర అని కొందరు. ఎటు పెట్టినా పేటవాళ్ళు వచ్చి నిలబడటానికి జంకుతారని మా ఆడవాళ్ళం పట్టుబట్టాం. చివరికి పేట రోడ్డూ ఊరి రోడ్డూ కలిసే మలుపులో, ఎవరి గుమ్మం ముందూ కాని చోట దిమ్మ కట్టాం. ఒకటే లైను. ముందొచ్చినవాళ్ళకి ముందు. మొదటి వారంలోనే ఒక పెద్దాయన పాలేరు చేత టిన్ను పంపి అందరికంటే ముందు పెట్టించబోయాడు. పేట మామ్మ ఒకావిడ ఆ టిన్ను వంక చూసి, "ఎవరి టిన్నయినా లైన్లోనే రావాలండీ" అంది. గొంతు కూడా పెంచలేదు. పాలేరు అటూ ఇటూ చూసి టిన్ను తీసి వెనక పెట్టాడు. మా ఊళ్ళో అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. ఇది మీ బ్రోచర్‌లో లేదు, అందుకని చెప్తున్నాను.

ఇప్పుడు దానికి తాళం. మా ప్లాంటులో అయిదు రూపాయలకి వచ్చిన టిన్ను ఇప్పుడు ఆటోలో ఇరవైకి వస్తుంది. ఉన్నవాళ్ళు వేయించుకుంటున్నారు. లేనివాళ్ళు చెరువు నీళ్ళు కాచుకుంటున్నారు, గ్యాసు అయిపోతే కాచకుండానే తాగుతున్నారు. లైను పోయింది, ఎవరి గుమ్మం వాళ్ళదైపోయింది. శ్మశానం రోడ్డు మెరక చేద్దామని చందాకి వెళ్తే, "ముందు ప్లాంటు సంగతి తేల్చండమ్మా, మా డబ్బులేం చేశారు?" అంటున్నారు. వీధి దీపాల పని అక్కడే ఆగింది, గ్రంథాలయం గది పునాదుల దగ్గర ఆగింది. ఆ లెక్కల పుస్తకం నా చేతిలో ఉంటుంది కాబట్టి ఆ మాట పడేది నేను. మీ సీనియర్ గారు కాదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాం. మొన్న జరిగిందే ఓర్చుకోలేకపోయాం. మా ఊళ్ళో రొయ్యల చెరువులున్న ఒక ఆసామి ఇంట్లో మీ కంపెనీదే చిన్న మిషను ఉంది. ఆయన పొద్దున్న ఫోన్ చేస్తే మధ్యాహ్నానికల్లా మీ టెక్నీషియన్ బండి మీద దిగాడు, మా ప్లాంటు ముందు నుంచే! మరి అప్పుడు జిల్లా, జోనూ, పిన్ కోడూ ఏమయ్యాయో? తిరిగి వెళ్తుంటే మా ఆడవాళ్ళు బండికి అడ్డం నిలబడ్డారు. మంచి కుర్రాడు. హెల్మెట్ తీసి, షట్టర్ కింద నుంచి లోపలికి తొంగి చూశాడు. ఫోన్ తీసి మా ముందే లిస్టు వేలితో పైకీ కిందకీ జరిపాడు. "మీ ఊరు నా లిస్టులో లేదమ్మా. లేకుండా ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపాం. ఆ కుర్రాడెవరో మీరడిగినా చెప్పం. అతని మీద ఈగ వాలినా మేం ఊరుకోం. మాకు కావలసింది ఒక్కటే, ఆ లిస్టు రాసేది ఎవరో, ఏ లెక్కన రాస్తారో చెప్పండి.

ఇంకోటి. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వెళ్ళాం. అక్కడ మీ కంపెనీ చలివేంద్రం. దానికి పెద్ద ఫ్లెక్సీ, ఆ ఫ్లెక్సీ మీద మా ప్లాంటు ప్రారంభోత్సవం ఫోటో. రిబ్బన్ పక్కన పట్టుచీరలో ఉన్నది నేనే. "గ్రామ గ్రామాన స్వచ్ఛమైన నీరు" అని కింద రాశారు. ఆ ఫోటో చూసి దాహం తీర్చుకోవాలి కాబోలు మేము. మీ మిషను బాగుందని చుట్టుపక్కల ఊళ్ళకి చెప్పి పెట్టించినవాళ్ళం కూడా మేమే. వాళ్ళిప్పుడు ఫోన్ చేసి, ఏఎంసీ కట్టమంటారా వద్దా అని నన్నే అడుగుతున్నారు. ఈ ఉత్తరానికి మీరిచ్చే జవాబు చూసి చెప్తానన్నాను.

మీ ఒప్పందం ఆఖరి పేజీలో, గొడవలేమున్నా హైదరాబాద్ కోర్టులోనే అని చీమ తలకాయంత అక్షరాలతో వేశారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు. మాలాంటి చిన్న మొత్తానికి, అయిదు లక్షల లోపు, ఫీజు కూడా లేదు. 1915కి ఫోన్ చేయడం మాకూ వచ్చు, అక్కడ మస్కట్ ఓటీపీ అడగరు. మా డ్వాక్రా ఆడవాళ్ళు అయితే కోర్టుదాకా ఎందుకు, ఖాళీ టిన్నులు పట్టుకుని విజయవాడ ఆఫీసు మెట్ల మీద కూర్చుందామంటున్నారు. నేను ఆపుతున్నాను. ఎన్నాళ్ళు ఆపగలనో చెప్పలేను.

కాలువకి నీళ్ళు వదిలేలోపు మనిషిని పంపండి. ఆగిన నెలలకి కట్టిన ఏఎంసీ డబ్బు వెనక్కివ్వండి. అది చేయలేకపోతే ఫ్లెక్సీ మీద నా ఫోటో తీసేయండి. రెండూ చేయకపోతే వచ్చే తీర్థంలో మీ చలివేంద్రం పక్కనే మేమూ ఒక ఫ్లెక్సీ కడతాం, తాళం వేసిన ప్లాంటు ఫోటోతో. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, అందలేదనడానికి వీల్లేదు. మీ మనిషి బయల్దేరే ముందు ఫోన్ చేయాలంటే జతచేసిన కాగితం మీదున్న నా నంబరుకి చేయమనండి. తాళంచెవి నా దగ్గరే ఉంది.

ఇట్లు,
కోశాధికారి,
మంచినీళ్ళ ప్లాంటు కమిటీ