బేకింగ్ షాపు లైన్లో కలిసిన అక్కకి థాంక్స్

అక్కా, మీ పేరు తెలీదు, నంబరూ తీసుకోలేదు, అందుకే ఇలా అందరి ముందూ చెబుతున్నా.

"పెళ్లిరోజు శుభాకాంక్షలు" అని కేకు మీద తెలుగులోనే రాసివ్వమని ఆర్డర్ వచ్చిందని నేను టెన్షన్ పడుతుంటే, మీరు బిల్లు లైన్లో నిలబడే బటర్ పేపర్‌ని గోరింటాకు కోన్‌లా చుట్టి చూపించారు. కోన్ మొనని కేకుకి ఆనించకుండా కాస్త పైన పట్టుకుని సన్నగా జారనివ్వాలని, అక్షరం పూర్తయ్యే ముందే నొక్కడం ఆపి అప్పుడు చెయ్యి తియ్యాలని, లేకపోతే చివర తోక మిగులుతుందని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు అక్షరాల వీడియోలు బోలెడున్నాయిగానీ మన ఒత్తుల గొడవ వాళ్లకేం తెలుసు!

'ళ్లి' కింద ఒత్తు దిగుతుంది కాబట్టి రెండు వరుసల మధ్య జాగా ఎక్కువ వదలమన్నారు. "శుభాకాంక్షలు"లో మధ్యన వచ్చేది 'కాం', దాన్ని ముందు కేకు నడిమికి టూత్‌పిక్‌తో గుర్తు పెట్టుకుని అటు రెండు, ఇటు రెండు సర్దుకోమన్నారు. అది మాత్రం అద్భుతం. ఎండాకాలం కదా, క్రీమ్ బదులు కరిగించిన చాక్లెట్‌తో, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి కేకు మీద రాస్తే ఇట్టే గట్టిపడుతుందన్నారు, నిజమే. ముందు స్టీలు పళ్లెం మీద రాసి, తుడిచి, మళ్లీ రాశాను.

ఆర్డర్ ఇచ్చినవాళ్లు కేకు కొయ్యడానికి ముందు ఆ అక్షరాలకే బోలెడు ఫోటోలు తీసుకున్నారట. మీకో అరకిలో కేకు బాకీ అక్కా, ఎగ్‌లెస్ కావాలో మామూలుదో చెప్పండి.