ఈత కోచ్‌ని పదేళ్లయినా ఒకే చోట ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

కృష్ణా జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏటా ఎండాకాలం వచ్చేసరికి మీ జిల్లా పేజీలో వేసవి ఈత శిబిరాల ఫొటోలు వేస్తారు. పూల్ గట్టున వరసగా నిలబడ్డ పిల్లలు, పక్కన మెడలో విజిల్‌తో కోచ్. పూల్ అదే ఉంటుంది గానీ కోచ్ మాత్రం ఏటా కొత్త మనిషే. నా బాధ దాని గురించే.

మా అబ్బాయి అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఉంటాడు. కిందటిసారి వెళ్లినప్పుడు మనవరాలి క్లబ్ పోటీలు ఉన్నాయని మమ్మల్ని అక్కడి యూనివర్సిటీ పూల్‌కి తీసుకెళ్లాడు. 1977లో మొదలైన పూల్ అది. లోతు 9 అడుగులు. నీళ్లు అడుగుకి తగిలి మళ్లీ పైకి లేచి ఈదేవాళ్లకి అడ్డం రాకూడదని అంత లోతు పెట్టారు. డైవింగ్‌కి వేరే పూల్ ఉంది, దాని పక్కన 10 మీటర్ల ప్లాట్‌ఫాం. మనవరాలు ఈదింది ఒక నిమిషం పైచిలుకు, అంతే. మిగతా పూటంతా నేను గ్యాలరీలో కూర్చుని పక్కనున్న తల్లిదండ్రులు చెప్పే కబుర్లు విన్నాను. వాళ్ల మాటల్లో పదే పదే వచ్చిన పేరు ఎడ్డీ రీస్.

రీస్ 1978లో టెక్సస్ యూనివర్సిటీ పురుషుల ఈత జట్టుకి కోచ్‌గా వచ్చారు. దిగిపోయింది 2024లో, 82 ఏళ్ల వయసులో. 46 సీజన్లు ఒకే కాలేజీలో, అదే పూల్ గట్టున గడిపారు. అంతకు ముందు ఆబర్న్ యూనివర్సిటీలో ఆరేళ్లు చేసి, నామమాత్రంగా ఉన్న జట్టుని 1978 నాటికి అమెరికా కాలేజీల జాతీయ పోటీల్లో రెండో స్థానానికి తెచ్చారు. టెక్సస్‌కి ఆయన 15 జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టారు. మొదటిది 1981లో, చివరిది 2021లో. చివరిది గెలిచాక రిటైరవుతున్నానని ప్రకటించి, కొన్ని నెలలకే మనసు మార్చుకుని మళ్లీ వచ్చారు. ఆయన తమ్ముడు ర్యాండీ రీస్ అప్పట్లో ఫ్లోరిడా యూనివర్సిటీ కోచ్. 1983, 1984 టైటిళ్లు తమ్ముడి జట్టుకే వెళ్లాయి.

ఈ 15 టైటిళ్లలో నన్ను ఆపేసింది గెలిచిన సంవత్సరాలు కాదు, మధ్యలో ఉన్న ఖాళీలు. 1981 తర్వాత మళ్లీ టైటిల్ వచ్చింది 1988లో. ఏడేళ్లు! ఆ తర్వాత 1991 దాకా వరసగా నాలుగేళ్లు వాళ్లదే. అలాగే 2002 తర్వాత 2010 దాకా లేదు. 2015 నుంచి 2018 దాకా మళ్లీ వరసగా నాలుగు. ఏడేళ్లు, ఎనిమిదేళ్లు టైటిల్ లేకపోయినా ఆ యూనివర్సిటీ ఆయన్ని కదపలేదు. ఆ ఖాళీ ఏళ్లలో ఆయన ఊరికే కూర్చోలేదు కూడా. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సరిగ్గా అలాంటి ఖాళీలోనే వచ్చింది. అమెరికా పురుషుల జట్టుకి ప్రధాన కోచ్ ఆయనే. నలుగురు ఒక్కొక్కరు ఒక్కో రకం ఈత ఈదే 4×100 మీటర్ల మెడ్లీ రిలేలో అమెరికా ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిస్తే, ఫైనల్‌లో ఈదిన నలుగురిలో ముగ్గురు, అంటే ఆరన్ పియర్సాల్, బ్రెండన్ హాన్సెన్, ఇయాన్ క్రాకర్, టెక్సస్‌లో ఆయన దగ్గర తయారైనవాళ్లే. క్రాకర్ ఆ పోటీల మొదట్లో ఒంట్లో బాగోక ఫ్రీస్టైల్ రిలేలో వెనకబడ్డాడు, అయినా తర్వాత ఈ మెడ్లీ రిలేలో ఈది గెలిచాడు. ఒక్క రోజు చూసి మనిషిని తీసెయ్యకూడదనడానికి అతనూ సాక్ష్యమే.

2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో (రెండు చేతులూ ఒకేసారి ముందుకి విసిరి ఈదే ఈత) అమెరికా ఈత దిగ్గజం మైకేల్ ఫెల్ప్స్‌ని ఓడించిన సింగపూర్ కుర్రాడు జోసెఫ్ స్కూలింగ్ మీ పాఠకులకి గుర్తుండే ఉంటాడు. 50.39 సెకన్లు, ఆ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. అతనూ టెక్సస్ విద్యార్థే, రీస్ శిష్యుడే. చిన్న దేశం నుంచి వచ్చిన పిల్లవాడికి కావలసింది ఒక్కటే: తన ఈతని రోజూ చూసి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకునే ఒక మనిషి.

ఇంకో విషయం. అక్కడి జాతీయ పోటీల్లో ఈత, డైవింగ్ పాయింట్లు కలిపే జట్టు టైటిల్ ఇస్తారు. ఆ పూల్‌లో డైవింగ్ కోచ్ మాట్ స్కాగిన్. అదే యూనివర్సిటీలో డైవర్‌గా ఎదిగి, 1992 ఒలింపిక్స్‌లో పాల్గొని, అక్కడే కోచ్ అయి దశాబ్దాలుగా ఉన్నారు. 10 మీటర్ల పై నుంచి దూకే పిల్లవాడికి కోచ్ మీద నమ్మకం ఒక్క నెలలో కుదురుతుందా?

ఇప్పుడు నా సొంత అనుభవం రాస్తాను. మా కాలేజీలో ఒక కుర్రాడు ఉండేవాడు, కృష్ణ ఒడ్డున లంక గ్రామం వాడు. వాళ్ల నాన్న నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి నదిలో వదిలాడట, అదే వాడి శిక్షణ. మంచి దమ్మున్నవాడు. పట్టణంలో పూల్‌కి తీసుకెళ్లి బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్పలా కాళ్లు తన్నుతూ ఈదేది) 100 మీటర్లు ఈదిస్తే 1 నిమిషం 31 సెకన్లు వచ్చింది. అక్కడ జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) కోచింగ్ డిప్లొమా చేసిన కోచ్ ఉండేవాడు, కాంట్రాక్టు మీద. గట్టు మీద సుద్దముక్కతో గీసి, మడమలు ఎలా దగ్గరికి తేవాలో, పాదాలు ఎటు తిప్పాలో చూపించేవాడు. ఏడు నెలల్లో 1 నిమిషం 19 సెకన్లకి తెచ్చాడు. మార్చిలో ఆయన కాంట్రాక్టు అయిపోయింది, పొడిగించలేదు. తర్వాతి ఏడు వచ్చిన కోచ్ ఆ కిక్కే తప్పన్నాడు. మూడో ఏడు కోచే లేడు, నీళ్లలో ఎవరూ మునగకుండా చూసే లైఫ్‌గార్డ్ ఒక్కడు ఉన్నాడు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి ఎంపికై వెళ్లినప్పుడు, టర్న్ దగ్గర గోడకి ఒక్క చెయ్యే తగిలిందని వాణ్ణి డిస్‌క్వాలిఫై చేశారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో రెండు చేతులూ ఒకేసారి తగలాలి. పోటీలకి ముందు వరసగా నెల రోజులు పక్కన నిలబడి చూసే కోచ్ ఉంటే ఆ అలవాటు పోయేది. నేను కబడ్డీ ఆడినవాణ్ణి, ఆ లోపం నా కంటికి కనపడలేదు. వాడు ఒడ్డుకొచ్చి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చోవడం నేనింకా మర్చిపోలేదు.

అమెరికాలో అంతా బాగుందని నేను అనడం లేదు. అయోవా యూనివర్సిటీలో డేవిడ్ ఆర్మ్‌బ్రస్టర్ అనే కోచ్ 40 ఏళ్లకు పైగా పనిచేశారు. ఈనాటి బటర్‌ఫ్లై ఈత రూపు దిద్దుకున్నది 1930లలో ఆయన పూల్‌లోనే. అలాంటి చోట పురుషుల జట్టుని ఎత్తేస్తున్నామని 2020లో ప్రకటించారు. డబ్బు తెచ్చే ఫుట్‌బాల్ ఉంటే చాలనుకునే ధోరణి అక్కడా ఉంది. నేను ఎత్తి చూపుతున్నది ఒక్క విషయమే: కోచ్‌కి ఇచ్చిన వ్యవధి.

మన రెండు రాష్ట్రాల్లో పూల్స్ లేకపోలేదు. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ గచ్చిబౌలిలో కట్టింది ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో ఆక్వా కాంప్లెక్స్ ఉంది. మున్సిపాలిటీలవి, యూనివర్సిటీలవి కొన్ని ఉన్నాయి. పూల్ కట్టడానికి కోట్లు శాంక్షన్ చేసే ఫైల్‌లోనే ఒక కోచ్ పోస్టు, వీలైతే ఒక డైవింగ్ కోచ్ పోస్టు, రెగ్యులర్ జీతం మీద పెట్టమని అడుగుతున్నాను. యూనివర్సిటీ పూల్ అయితే ఆ కోచ్‌ని ఫిజికల్ ఎడ్యుకేషన్ విభాగంలో సిబ్బందిగా తీసుకోండి. పతకాల లెక్క మొదటి ఏడాదే అడగొద్దు. అలాంటి కోచ్ ఒకరుంటే పోటీలకి వెళ్లేవాళ్లతో పాటు మామూలు విద్యార్థులకీ ఈత వస్తుంది. దేశంలో ఏటా 30,000 మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలే చెప్తున్నాయి. సెలవుల్లో చెరువుకో, క్వారీ గుంతకో వెళ్లి తిరిగిరాని కాలేజీ పిల్లల వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం.

మా పట్టణం పూల్‌ని ఏటా ఏప్రిల్ మొదటి వారంలో తెరుస్తారు. కోచ్ కావాలన్న ప్రకటన మార్చి చివర్లో వస్తుంది, అదీ రెండు నెలల కాంట్రాక్టుకి. ఈసారైనా ఆ ప్రకటనలో "రెండు నెలలు" అన్న మాట తీసేయమని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్,
విజయవాడ