ఆ తోక చూడండి, అది బ్రౌన్ ట్రౌట్ కాదు

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ టూరిజం పేజీలో, హిమాచల్‌లోని కులు వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు పట్టిన చేప ఫోటో వేసి కింద ‘బ్రౌన్ ట్రౌట్’ అని రాశారు. అది రెయిన్‌బో అండీ, చల్లటి కొండ ఏళ్ళ చేప ట్రౌట్‌లోనే ఇంకో రకం. తోక నిండా నల్ల చుక్కలు, మొప్ప దగ్గర్నుంచి తోక దాకా గులాబీ పట్టీ, ఇంత స్పష్టంగా ఉంటే ఎవరూ చూసుకోలేదా? మాది భీమవరం పక్క. శీలావతిని చూసి బొచ్చె అన్నవాణ్ణి మా ఇంట్లో మళ్ళీ చేపల బజారుకి పంపరు.

బ్రౌన్‌కి నల్ల చుక్కల మధ్య ఎర్ర చుక్కలుంటాయి, వాటి చుట్టూ తరచుగా లేత రంగు వలయం. తోక మీద మచ్చలు దాదాపు ఉండవు. ఒంటి రంగు నీటిని బట్టి మారుతుంది కాబట్టి నేను ముందు తోకే చూస్తాను.

పైగా అది ‘అడవి ఏటి చేప’ అన్నారు. దాని రొమ్ము రెక్కలు చూడండి, అంచులు అరిగిపోయి ఎంత కురచగా ఉన్నాయో. చేపపిల్లల్ని పెంచే హ్యాచరీ తొట్లలో గోడలకి రాసుకుని, ఒకదాన్నొకటి కొరుక్కుని పెరిగితే అలా అవుతాయి. ఏట్లో పుట్టినదైతే రెక్క విసనకర్రలా విచ్చుకుంటుంది. ఆ మాటకొస్తే మన దేశంలో బ్రౌన్ ట్రౌట్ కూడా బయట నుంచి తెచ్చి వదిలిన చేపే, 1900లో కాశ్మీర్‌కి, 1909లో కులుకి. మన దగ్గర్లోని నీలగిరుల్లో నిలదొక్కుకున్నది రెయిన్‌బో. ఊటీలో బ్రౌన్‌కి గాలం వేస్తామనే మా ఆఫీసు కుర్రాళ్ళకి ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

‘గాలం వేస్తే చాలు, పడుతుంది’ అని కూడా రాశారు. కొత్తగా వదిలిన చేపలైతే నిజమే, మేతకి అలవాటుపడి వదిలిన చోటే గుంపుగా తిరుగుతాయి, ఏది వేసినా వస్తాయి. ఏటికి అలవాటుపడ్డ బ్రౌన్ అలా కాదు. హిమాచల్‌లోని తీర్థన్ ఏట్లో మొదటిసారి నేను పొద్దున్నుంచి ఎండలో స్పిన్నర్ (నీళ్ళలో గిర్రున తిరిగే లోహపు ఎర) వేస్తూ కూర్చున్నాను, ఒక్కటీ ముట్టలేదు. నా నీడ నీళ్ళ మీదే పడుతోందని మూడు గంటలకి గానీ వెలగలేదు. పగలు అది ఒడ్డు కింద బొరియల్లో, వేళ్ళ మధ్య నక్కి ఉంటుంది, మసక పడ్డాకే బయటికొస్తుంది. ప్రవాహానికి ఎదురు మొహం పెట్టి నిలుస్తుంది కాబట్టి మనం దిగువ నుంచి, దాని వెనకగా వెళ్ళాలి. వదిలేసేదైతే చెయ్యి తడుపుకుని పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది.

ఇవన్నీ సరే, ‘డిసెంబర్ సెలవులకి వెళ్ళండి’ అన్నదే అసలు తప్పు. హిమాచల్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ పట్టకూడదు, అవి గుడ్లు పెట్టే కాలం. మిగతా నెలల్లోనూ మత్స్యశాఖ లైసెన్స్ తీసుకోవాలి. దయచేసి ఈ వారమే సవరణ వేయండి. మీ పేజీ చూసి మా ఆఫీసులోనే ఇద్దరు డిసెంబర్‌కి టికెట్లు బుక్ చేసేసుకున్నారు.

— మీ పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు