విద్యార్థి రక్షణ ఉపసంఘం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

పోయినేడు ఇక్కడ బ్రిటన్‌లో మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశంలో, పిల్లలు తీవ్రవాదం వైపు జారకుండా చూసేందుకు ఈ ఉపసంఘం వేయాలని తీర్మానం పెట్టినప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. "మన పిల్లలు గ్రామర్ స్కూల్ ప్రవేశ పరీక్షలతో కుస్తీ పడుతున్నారు. తీవ్రవాదం గొడవ మనకెందుకండీ?" అన్నారు. చాలామంది తలలూపారు. నిజం చెప్పాలంటే నేనూ ఊపాను. తర్వాత నన్నే కార్యదర్శిని చేశారు.

ఈ ఏడాది మూడు సమావేశాలు పెట్టాం. మొదటిది దెబ్బతింది. మార్చిలో అరవై కుర్చీలు వేస్తే పదకొండు మంది వచ్చారు, అందులో ఐదుగురం కమిటీవాళ్లమే. తప్పు మాదే. పోస్టర్ మీద పెద్దక్షరాలతో "తీవ్రవాద నిరోధం" అని రాశాం. ఆ మాట రాసిన హాల్లోకి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తుంటే ఎవరైనా చూస్తే? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని ఇళ్లలోనే ఉండిపోయారు. పులిహోర గిన్నెల్లోకి ఎత్తుకుని ఇంటికి పట్టుకెళ్లాం. మే నెలలో అవే స్లైడ్లు, మార్చిలో మాట్లాడటానికి వచ్చిన కాలేజీ ఆవిడే. పోస్టర్ మీద మాత్రం "మన పిల్లలు ఫోనులో ఎవరితో మాట్లాడుతున్నారు?" అని మార్చాం. ఈసారి హాలు నిండింది. కొందరు తలుపు దగ్గర నిలబడి విన్నారు.

ఆవిడ మన దగ్గరి కాలేజీలో సేఫ్‌గార్డింగ్ (పిల్లల రక్షణ) బాధ్యురాలు. పిల్లలు "డీఎస్‌ఎల్" అనే మనిషి. ప్రతి కాలేజీలోనూ ఒకరుంటారు. ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లలు, తోటివాళ్ల వేధింపులు పడలేకపోతున్నవాళ్లు, తమను తామే గాయపరుచుకుంటున్నవాళ్లు, అందరి సంగతీ వాళ్ల బల్ల మీదికే వస్తుంది. తీవ్రవాద భావాల్లోకి జారుతున్న పిల్లవాడి ఫైలు కూడా ఆ దొంతరలో ఒకటి. నేరస్థుడి ఫైలుగా కాకుండా, ప్రమాదంలో ఉన్న పిల్లవాడి ఫైలుగా చూడటం తమ పద్ధతి అని ఆవిడ రెండు మూడుసార్లు చెప్పారు.

ఈ బాధ్యత కాలేజీలకు చట్టం పెట్టింది. 2015 ఉగ్రవాద నిరోధక, భద్రతా చట్టం ప్రకారం, ఎవరూ ఉగ్రవాదం వైపు వెళ్లకుండా చూడాల్సిన అవసరాన్ని దృష్టిలో పెట్టుకునే స్కూళ్లు, కాలేజీలు, కౌన్సిళ్లు పనిచేయాలి. స్కూళ్లకు ఇది 2015 జులైలో, కాలేజీలకు, యూనివర్సిటీలకు సెప్టెంబరులో మొదలైంది. దీన్నే అందరూ "ప్రివెంట్" అంటారు. మార్గదర్శకాలను మార్చి రాశాక కొత్తవి 2023 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చాయి. తల్లిదండ్రుల మీద, మనలాంటి సంఘాల మీద ఈ చట్టబాధ్యత లేదు. మనం పోలీసులం కాదు, ఎవరి పిల్లల మీదా నిఘా పెట్టం. మార్చిలో రానివాళ్లలో సగం మంది భయం ఇదేనని తర్వాత తెలిసింది కాబట్టి ఈ మాట ఇక్కడ రాసిపెడుతున్నాను.

మే సమావేశంలో ఆవిడ చేసిన ఒక పని చాలామందికి గుర్తుండిపోయింది. స్లైడ్లు ఆపి, ఫోను ప్రొజెక్టర్‌కు తగిలించి, పదమూడేళ్ల పిల్లవాడితో ఆటలో పరిచయమైనవాడు ఎలా మాట్లాడతాడో వరసగా చూపించారు. మొదట ఆట కిటుకులు. తర్వాత జోకులు. ఆ జోకుల్లో ఒకటి ఏదో ఒక జాతి మీదో మతం మీదో. నవ్వితే అలాంటివి ఇంకో నాలుగు. నవ్వకపోతే "ఊరికే అన్నాను, నీకు హాస్యం తెలియదా?" అని దెప్పడం. తర్వాత "ఇక్కడ అందరూ ఉన్నారు, మన సర్వర్‌కి రా" అని పిలుపు. అక్కడికొచ్చేసరికి హాల్లో ఒక తండ్రి లేచి, కొడుకు ఫోను కోసం జేబులు తడుముకున్నాడు. కొడుకు ఇంట్లో ఉన్నాడు, ఫోనూ వాడి దగ్గరే ఉంది.

"ఇదంతా ఏ మతంవాళ్లకండీ?" అని ఒకరు అడిగారు. ఆవిడ కార్న్‌వాల్ సంగతి చెప్పారు. నాయనమ్మో అమ్మమ్మో, ఆ ముసలావిడ దగ్గర పెరుగుతున్న తెల్ల కుర్రాడు. పదమూడేళ్లకే బాంబుల తయారీ పుస్తకం డౌన్‌లోడ్ చేశాడు, తర్వాత ఒక నియో నాజీ ముఠాకు బ్రిటన్‌లో నాయకుడయ్యాడు. పదహారేళ్లకు, 2021లో, కోర్టులో నిలబడ్డాడు. ఏడాది చివర్లో ప్రభుత్వం ఇచ్చిన లెక్కల్లోనూ ఇదే కనిపిస్తుంది. 2025 మార్చితో ముగిసిన సంవత్సరంలో ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రివెంట్‌కు వచ్చిన రెఫరల్స్, అంటే ఫలానావాళ్ల గురించి దిగులుగా ఉందని పంపిన కేసులు, 8,778. అంతకు ముందు ఏడాది 6,922. వయసు తెలిసినవాళ్లలో అందరికంటే ఎక్కువ 11 నుంచి 15 ఏళ్ల పిల్లలు. సగానికి పైగా కేసుల్లో ఒక స్పష్టమైన సిద్ధాంతమంటూ ఏదీ కనపడలేదు. కనపడినవాటిలో ఇస్లామిస్టు కేసుల కంటే జాతి విద్వేషపు రైట్ వింగ్ కేసులే ఎక్కువ.

ఇక అందరూ అడిగింది దోసకాయ కథ. 2016లో వార్తల్లో వచ్చింది కదా: లూటన్‌లో నాలుగేళ్ల పిల్లవాడు నాన్న దోసకాయ కోస్తున్న బొమ్మ గీసి, "కుకుంబర్" అనడం చేతకాక ఇంకేదో అంటే, నర్సరీవాళ్లకు అది "కుకర్ బాంబు"లా వినిపించింది. వాడి మీద రెఫరల్ పెడతామన్నారు. మన ఇళ్లల్లో రోజూ నాలుగు విజిళ్లకు తక్కువ కాకుండా మోగే వస్తువు పేరది. భయం వేయదా మరి? ముస్లిం కుటుంబాలు ఈ భయంతో పదేళ్లుగా బతుకుతున్నాయి, వాళ్ల విమర్శలో నిజముందనే నా అభిప్రాయం. ఆవిడా కాదనలేదు. రెఫరల్ అంటే శిక్ష కాదని, నేర చరిత్రలో పడదని, తర్వాతి మెట్టయిన "ఛానెల్" సాయం తీసుకోవడం మన ఇష్టమని, పద్దెనిమిది ఏళ్లలోపైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలని చెప్పారు. వివరాలు పోలీసు డేటాబేస్‌లోకి మాత్రం ఎక్కుతాయి, అదీ దాచలేదు.

దీనికి అటు కొస సౌత్‌పోర్ట్. 2024 జులై 29న డాన్స్ క్లాసులో ముగ్గురు ఆడపిల్లల్ని చంపిన పదిహేడేళ్ల కుర్రాణ్ని అంతకు ముందు 2019, 2021ల మధ్య మూడుసార్లు ప్రివెంట్‌కు పంపారు. ఫలానా సిద్ధాంతం కనపడలేదని మూడుసార్లూ ఫైలు మూసేశారు. త్వరపడి మూసేశారని 2025 ఫిబ్రవరిలో బయటపెట్టిన సమీక్షే ఒప్పుకుంది.

సౌత్‌పోర్ట్ మాట వచ్చింది కాబట్టి మే సమావేశంలో నేను చెప్పిన సంగతి ఇక్కడ కూడా రాయాలి. ఆ హత్యలు జరిగిన మర్నాడు సాయంత్రం, హంతకుడు పడవలో వచ్చిన శరణార్థి అని, ఒక ముస్లిం పేరుతో సహా ఉన్న మెసేజ్‌ను కమిటీ గ్రూపులోకి ఫార్వర్డ్ చేసింది నేనే. బస్సులో నిలబడి, సగం చదివి, బొటనవేలితో నొక్కేశాను. పది నిమిషాల్లో అది కుటుంబాల గ్రూపులోకి వెళ్లింది. పేరు కల్పితం, పడవ కల్పితం. ఆ కుర్రాడు కార్డిఫ్‌లో పుట్టినవాడు. ఆ వారంలో హోటళ్ల మీద, మసీదుల మీద దాడులు జరిగాయి. భారత హైకమిషన్ మనవాళ్లను జాగ్రత్తగా ఉండమంది. మాస్టర్స్ చదువుతూ రాత్రి షిఫ్టులు చేసే మన పిల్లలు ఇద్దరిద్దరుగా ఇంటికి నడిచొచ్చారు. వాళ్లను భయపెట్టిన ఆ మంటలో ఒక పుల్ల నాది.

లెస్టర్ మనకెంత దూరం? రైలెక్కితే టీ చల్లారేలోపు వస్తుంది. 2022 ఆగస్టు 28న దుబాయ్‌లో ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ అయ్యాక మొదలైన గొడవ సెప్టెంబరు 17 నాటికి రెండు వర్గాల కుర్రాళ్లు వీధుల్లో ఎదురెదురుగా నిలబడేదాకా వచ్చింది. అమ్మాయిని ఎత్తుకుపోబోయారన్న పుకారు అబద్ధమని పోలీసులు చెప్పేసరికే ఆలస్యమైంది. ఆ రోజుల్లో మన గ్రూపులో తిరిగిన వీడియోలు నాకింకా గుర్తున్నాయి, కింద పెట్టిన చప్పట్ల గుర్తులతో సహా. "మన పిల్లలకేం" అనేవాళ్లు ఆ చప్పట్లు పిల్లలు చూడలేదనుకుంటున్నారా?

జూన్‌లో గ్రూపుకు ఒక నియమం పెట్టాం: పోలీసు ప్రకటనో, పేరున్న వార్తాసంస్థ లింకో లేకుండా ఏ గొడవ గురించీ ఫార్వర్డ్ పెట్టకూడదు. ఇద్దరు పెద్దలు అలిగి గ్రూపు వదిలారు. ఒకరు దీపావళికి తిరిగొచ్చారు.

సెప్టెంబరు సమావేశానికి హాలు తీసుకోలేదు. హైదరాబాద్, గుంటూరు, వరంగల్ నుంచి మాస్టర్స్‌కు వచ్చిన పిల్లలు ఉండే ఇంటి వంటగదిలో కూర్చున్నాం. పాలు పొంగిపోయాయి, ఒకమ్మాయి స్టవ్ తుడుస్తూనే అడిగింది: "అంకుల్, ఊరేగింపులో నిలబడితే వీసా పోతుందా?" నిలబడటం నేరం కాదు. కానీ నిషేధిత సంస్థకు మద్దతుగా ప్లకార్డు పట్టుకుంటే 2000 నాటి ఉగ్రవాద చట్టం కింద అరెస్టు చేయొచ్చు. పాలస్తీనా యాక్షన్ అనే నిరసన సంస్థను 2025 జులై 5న ఆ జాబితాలో చేర్చాక అలా వందల మందిని పట్టుకున్నారు. ఆ నిషేధం న్యాయమా కాదా అన్నది మన సంఘం చెప్పే మాట కాదు. చేతికిచ్చిన ప్లకార్డు మీద ఏముందో చదివి పట్టుకోమని చెప్పాం. ఆ రాత్రి ఎక్కువసేపు నడిచిన మాటలు మాత్రం వేరే: ఒంటరితనం, కన్సల్టెన్సీవాళ్లు చెప్పిన అబద్ధాలు, ఇంటికి ఫోను చేస్తే "బాగున్నా" తప్ప ఏమీ అనలేకపోవడం. ఎవరైనా వచ్చి "మా దగ్గరికి రా, నిన్ను మేం చూసుకుంటాం" అంటే వెళ్లిపోయేలా ఉన్నవాళ్లు ఆ గదిలోనే ఇద్దరు ముగ్గురు కనిపించారు. ప్రతి నెలా మొదటి ఆదివారం వాళ్లను ఒక్కో ఇంటికి భోజనానికి పిలవడం అక్కణ్నుంచి మొదలైంది. డిసెంబరులో మాత్రం తప్పిపోయింది, ఆ నెల వంతు మా ఇల్లే.

నవంబరులో ఒక తల్లి మా సభ్యురాలికి ఫోను చేసింది. పదిహేనేళ్ల కొడుకు భోజనాల దగ్గర ముస్లింల గురించి అంటున్న మాటలు ఇంట్లో ఎవరూ నేర్పినవి కావు, అవి ఇంగ్లీషు మాటలు. "ఇండియా రాజకీయాలు మాట్లాడుతున్నాడులే" అని తండ్రి తేలిగ్గా తీసుకున్నాడట. ఒకరోజు వాడి క్లాసులోని అబ్బాయి పేరు పెట్టి ఆ మాట అన్నాడు. అప్పుడు భయపడింది. సభ్యురాలు ఆమెతోపాటు స్కూలుకు వెళ్లి డీఎస్‌ఎల్‌తో కూర్చుంది. రెఫరల్ దాకా పోలేదు. స్కూలులోనే ఒక మాస్టారు వారానికోసారి వాడితో మాట్లాడుతున్నాడు. ఆదివారాలు మన క్రికెట్‌కు వస్తున్నాడు. అవుటైతే ఒప్పుకోడు, గొడవ పెట్టుకుంటాడు.

ఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. పిల్లవాడి గురించి దిగులుగా ఉంటే ముందు కాలేజీ డీఎస్‌ఎల్‌ను అడగండి. కాలేజీకి వెళ్లడం ఇష్టం లేకపోతే పోలీసుల యాక్ట్ ఎర్లీ లైను 0800 011 3764కు చేయొచ్చు. వచ్చే ఏడాదికి ఉపసంఘంలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు కావాలి, ఎందుకంటే ఈ ఏడాది తల్లులు ఫోను చేసింది ఆ ఒక్క సభ్యురాలికే, నాకు కాదు. సమావేశాలు ఈసారి బతుకమ్మ రిహార్సల్స్ రోజుల్లో పెట్టం. మే సమావేశం తర్వాత ప్రొజెక్టర్ ఎక్స్‌టెన్షన్ కేబులు కనిపించడం లేదు. నల్లది, ఒక కొసన తెల్ల టేపు చుట్టి ఉంటుంది. ఎవరి కారు డిక్కీలోనైనా ఉందేమో చూడగలరు.

కార్యదర్శి,
విద్యార్థి రక్షణ ఉపసంఘం