డిగ్రీ పేరు చూస్తే చాలా, పరిశోధన చూడరా?

సంపాదకుడు గారికి,

డిస్‌ప్లే పదార్థాల (ఫోను, టీవీ తెరల్లో వాడేవి) పరిశోధన పోస్టులకు వచ్చిన దరఖాస్తుల తిరస్కరణపై మీ బెంగళూరు పేజీలో వార్త చదివి రోజులు గడిచినా కోపం తగ్గక రాస్తున్నాను. డిగ్రీ నుంచి పిహెచ్‌డి దాకా చదువంతా ఒకే ఇంజనీరింగ్ శాఖలో ఉండాలట! తిరస్కరణకు గురైనవారిలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి కూడా ఉంది. బీఎస్సీ, ఎమ్మెస్సీ రసాయన శాస్త్రం, పిహెచ్‌డి అంతా ఓఎల్‌ఈడీ తెరల్లో వెలుగునిచ్చే సేంద్రియ పదార్థాల మీదే. అయినా ఇంటర్వ్యూకు పిలవలేదు. ‘సంబంధిత శాఖ కాదు’ అని ఒక్క ముక్క పంపి చేతులు దులుపుకున్నారు. నక్షత్రం కుదరలేదని పెళ్లి సంబంధం తిప్పికొట్టినట్టుంది ఈ వ్యవహారం.

ఈ నిబంధన పెట్టింది ఏ ఊరిలో? 1977లో ఇక్కడి రామన్ పరిశోధనా సంస్థలోనే ఎస్. చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్ గార్లు పళ్లెం ఆకారపు అణువులూ ద్రవ స్ఫటికాలు (ద్రవంలా పారుతూనే స్ఫటికంలా అణువులు వరుసలో నిలిచే పదార్థాలు, ఎల్‌సీడీ తెరలకు ఆధారం) అవుతాయని ప్రపంచానికి తొలిసారి చూపారు. చంద్రశేఖర్ గారు భౌతిక శాస్త్రవేత్త. సదాశివ గారిది రసాయన శాస్త్రం. ఎల్‌సీడీ తెరను పక్కనుంచి చూసినా బొమ్మ చెదరకుండా ఉండేందుకు తర్వాతి కాలంలో వాడిన పొరల్లో ఉన్నది అలాంటి అణువులే. 1888లో ద్రవ స్ఫటికాల స్వభావాన్ని మొదట గమనించిన రైనిట్జర్ వృక్షశాస్త్రవేత్త. గడియారాల తెరలకు నిలకడైన పదార్థాన్ని 1970లలో అందించిన జార్జ్ గ్రే రసాయన శాస్త్రవేత్త. 1987లో ఓఎల్‌ఈడీకి దారి చూపిన చింగ్ టాంగ్ చదివిందీ రసాయనమే. నీలి కాంతినిచ్చే దీపం ఎల్‌ఈడీకి 2014లో నోబెల్ అందుకున్న నకమురా ఎలక్ట్రానిక్స్ చదివి, స్ఫటికాలు పెంచే పని ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నారు. ఆ ఎల్‌ఈడీ వెలిగేనాటికి ఆయనకు పిహెచ్‌డి కూడా లేదు. వీరిలో ఎవరి దరఖాస్తు ఈ అధికారుల బల్ల దాటేది?

సెమీకండక్టర్లు, డిస్‌ప్లేల తయారీకి కేంద్రం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. డబ్బు కేటాయించినంత మాత్రాన పదార్థాలు తయారవుతాయా? వాటిని తయారుచేసే మనుషులను గుమ్మంలోనే ఆపుతున్నారు. దరఖాస్తులు పరిశీలించినవారు ఒక్క సిద్ధాంత వ్యాసమైనా తెరిచి చూశారా? ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఫోను చేస్తే ఈ విభాగం ఆ విభాగం పేరు చెబుతుంది, ఆ విభాగంలో ఎవరూ ఎత్తరు.

బెంగళూరులోని మన తెలుగు ఇళ్లలో ఇప్పటికే బీఎస్సీ అంటే ‘ఇంజనీరింగ్ సీటు రాలేదా?’ అని అడుగుతున్నారు. ఇష్టపడి రసాయనం చదువుతామన్న పిల్లలకు అండగా నిలిచి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి పంపిన అధ్యాపకులం మేము. ఇప్పుడు ఆ తల్లిదండ్రులకు ఏమని సమాధానం చెప్పాలి?

తిరస్కరించిన దరఖాస్తులన్నిటినీ మళ్లీ పరిశీలించాలి. అలా పరిశీలించే సంఘంలో ప్రయోగశాలలో పదార్థాలు తయారుచేసిన అనుభవమున్న శాస్త్రవేత్తలు ఉండాలి. ఎవరిని ఎందుకు కాదన్నారో కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. కొత్త నియామకాలు పూర్తికాకముందే ఇది జరగాలి.

— ఒక విశ్రాంత రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు