చాబువా సంచీ

ఒరేయ్ బావా,

నీ వాట్సాప్ మెసేజ్‌లు మూడూ చూశాను. "బతికే ఉన్నావా" అన్నదానికి జవాబు అవును. ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఇది ఫోన్‌లో తెమిలే సంగతి కాదు, పైగా నువ్వు మధ్యలో అడ్డొచ్చి కథ పాడుచేస్తావు, అందుకని కూర్చుని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు. టీ ఎందుకన్నానో చివర్లో తెలుస్తుంది.

నా పాత సామాన్ల పిచ్చి నీకు తెలుసుగా. ఒహాయోలో ఈ డేటన్ ఊరికొచ్చాక అది ముదిరింది. ఇక్కడ వైమానిక దళం మ్యూజియం ఉంది, టికెట్ లేదు, చలికాలంలో పిల్లాణ్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచనప్పుడల్లా అక్కడికే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ పైలట్లు వేసుకున్న ఎ-2 జాకెట్టు, ఎ-11 తోలు టోపీ, బి-8 కళ్ళజోడు, ఈ టైపు నంబర్లన్నీ ఇక్కడి రైట్ ఫీల్డ్ అనే సైనిక విమాన కేంద్రంలో ఇచ్చినవే. అందుకే కాబోలు ఈ చుట్టుపక్కల సంతల్లో ఆ సామాను ఇప్పటికీ దొరుకుతుంది.

కిందటి సెప్టెంబర్‌లో ఒక ఆదివారం సంతలో ఒకాయన దగ్గర ఒక గుడ్డ సంచీ, అందులో ఒక ఎ-11 టోపీ కనిపించాయి. రెండూ కలిపి 45 డాలర్లు. సంచీ అంటే మామూలుది కాదు, ఫ్లయింగ్ సామాను వేసుకోవడానికి ఇచ్చే ఏఎన్ 6505-1 రకం కాన్వాస్ బ్యాగ్, ఆకుపచ్చ వెలిసిపోయి ఎండిన మామిడాకు రంగుకొచ్చింది. లోపలంతా ఎర్రటి మరకలు. అవి చూసి నా గుండె జల్లుమంది, రక్తమేమో అనుకున్నా. అమ్మేవాడు కూడా ఆ మాటే అన్నాడు, కానీ వాడు దేనికైనా ఆ మాటే అంటాడు. పేరూ కథా ఉన్న వస్తువుకి రేటు రెండింతలు, అందుకని కథలు కట్టేవాళ్ళే కాదు, ఖాళీ జాకెట్ల మీద కొత్తగా పేర్లు రాసేవాళ్ళు కూడా ఉన్నారు. దానికో చిట్కా ఉంది. పాత రంగైతే తోలు పగిలిన చోట తానూ పగులుతుంది, కొత్త రంగు ఆ పగుళ్ళలోకి దిగి కూర్చుంటుంది. భూతద్దం ఉంటే చాలు.

నేను కొన్నది మరకల కోసం కాదు. సంచీ పక్కన, పిడి కింద, ఎవరో కుంచెతో చేత్తో రాసిన ఇంగ్లీష్ అక్షరాల కోసం. వంకరటింకరగా, చివరి అక్షరానికి చోటు చాలక ఇరుకుగా. చాబువా.

నువ్వు ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగా రెండేళ్ళు పోస్టింగ్ చేసిన చాబువా! ఆ వర్షానికి బట్టలారక ఏడుస్తూ నాకు ఫోన్లు చేసినావే, అదే ఊరు. ఒహాయోలో సంతలో, మొక్కజొన్న పొత్తుల బండి పక్కన, ఆ పేరు చదివేసరికి నాకు నవ్వొచ్చింది. బేరం కూడా ఆడలేదు.

అక్కడ నీకు చెప్పే ఉంటారు, 1942 నుంచి యుద్ధం అయ్యేదాకా అస్సాంలోని చాబువా, దింజాన్, తేజ్‌పూర్ లాంటి చోట్ల నుంచి అమెరికన్లు హిమాలయాల కొసలు దాటి చైనాలోని కున్మింగ్‌కి సరుకు మోశారని. చైనాకి నేల మీది దారి, బర్మా రోడ్డు, జపాన్ వాళ్ళ చేతికి పోయింది, గాలి దారి తప్ప గతి లేదు. ఆ దారికి వాళ్ళు పెట్టుకున్న పేరు హంప్, అంటే మూపురం. మొత్తం మీద ఆరున్నర లక్షల టన్నులు మోశారు, దాదాపు 600 విమానాలు పోగొట్టుకున్నారు. కొండల మీద మెరిసే శకలాల్ని చూసుకుంటూ పోవచ్చని 'అల్యూమినియం దారి' అని కూడా అనేవాళ్ళట. ఆ 600లో చాలావాటికి శత్రువు తుపాకీ తగల్లేదు. మంచు, గాలి, రాత్రి, పాడైన ఇంజన్.

సరే, సంచీ ఎవరిది? ఇక్కడి నుంచే నా నిద్ర పోయింది.

సంచీ మీద సర్వీస్ నంబర్ స్టెన్సిల్ కొట్టి ఉంది. యుద్ధకాలంలో సిపాయి నంబరుకి ఎనిమిది అంకెలు. మొదటి అంకె 1 అయితే తనంతట తాను చేరినవాడు, 2 అయితే నేషనల్ గార్డ్ అనే రాష్ట్రాల రిజర్వు దళం నుంచి వచ్చినవాడు, 3 అయితే సర్కారు తప్పనిసరి పిలుపు అందుకుని చేరినవాడు. రెండో అంకె ఏ ప్రాంతమో చెబుతుంది. ఆఫీసర్లైతే ముందు 'ఓ' అక్షరం. నా సంచీ మీద 35, అంటే పిలుపు మీద వెళ్ళినవాడు, ఒహాయో, ఇండియానా, కెంటకీ, వెస్ట్ వర్జీనియాల్లో ఏదో ఒక చోటివాడు. తర్వాత రెండంకెలు బాగానే ఉన్నాయి, ఐదోది సరిగ్గా చిరుగులో పోయింది, చివరి మూడూ ఉన్నాయి. పేరులో మొదటి అక్షరం హెచ్, చివరి అక్షరం ఎస్, మధ్యలో ఏమీ లేదు.

టోపీ లోపల మేకతోలు అస్తరు మీద ఇంకో గుర్తు. వీళ్ళు దాన్ని లాండ్రీ మార్క్ అంటారు, ఇంటిపేరు మొదటి అక్షరం, నంబర్లో చివరి నాలుగంకెలు. ఇది మనకి కొత్తేం కాదు కదరా, మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో నల్లజీడి రసంతో పంచె మూలన పెట్టే చాకలి గుర్తు లాంటిదే. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు, ఎవరి పంచె ఎవరిదో తగువు రాదు.

టోపీ మీద హెచ్, నాలుగంకెలు. అందులో చివరి మూడూ సంచీ మీది మూడూ ఒకటే. ఇంకేం, చిరుగులో పోయిన అంకె టోపీలో దొరికేసింది! రాత్రి ఒంటి గంటకి ఎగిరి గంతేశాను, మీ చెల్లెలు లేచి తిట్టింది.

నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ సైట్లో యుద్ధకాలంలో సైన్యంలో చేరిన దాదాపు 90 లక్షల మంది చేరిక వివరాలున్నాయి, పంచ్ కార్డుల నుంచి ఎక్కించినవి. ఆఫీసర్లు పెద్దగా ఉండరు, తప్పులూ బోలెడు. కానీ నంబర్ కొడితే పుట్టిన సంవత్సరం, కౌంటీ, చదువు, అంతకుముందు చేసిన పని, పెళ్ళైందా లేదా, అన్నీ వస్తాయి. కొట్టాను. హెచ్‌తో మొదలయ్యే మనిషే తగిలాడు. అప్పటి ఆనందంలో చివరి అక్షరం ఎస్ కాదని పట్టించుకోలేదు, స్టెన్సిల్ అరిగి అలా కనిపిస్తోందిలే అని సర్దిచెప్పుకున్నా. పాత పేపర్లలో ఆయన చనిపోయినప్పటి ప్రకటన వెతికి, అందులో ఉన్న కూతురి పేరు పట్టుకుని, అడ్రస్ సంపాదించి ఉత్తరం రాశాను. మీ నాన్నగారు హిమాలయాల మీద ఎగిరిన వీరుడు, వారి సామాను నా దగ్గర భద్రంగా ఉంది, అని. భద్రంగా అనే మాట కింద గీత కూడా గీశాను, సిగ్గులేకుండా.

పది రోజులకి ఒక కార్డు వచ్చింది. "మా నాన్న ఇటలీలో ఫిరంగుల దగ్గర పనిచేశారు. జీవితంలో విమానం ఎక్కలేదు. నిచ్చెన ఎక్కాలన్నా భయమే. మీ వీరుడు మీకు దొరకాలని కోరుకుంటున్నాను." అంతే.

బావా, ఆ కార్డు చదివి రెండు రోజులు సంచీ ముఖం చూడలేదు. చనిపోయిన తండ్రి గురించి ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు ఉత్తరం రాస్తే ఆవిడ ఒక్క నిమిషమైనా "మా నాన్న మాకు చెప్పని సంగతేదో ఉందా" అనుకుని ఉంటుంది కదా.

మూడో రోజు టోపీ తీసి, గదిలో లైట్లార్పి, టార్చి అడ్డంగా, నేలకి సమానంగా పట్టుకుని చూశాను. మొదటి రోజే చెయ్యాల్సిన పని. సిరా వెలిసిపోయినా నొక్కిన చోట తోలు పల్లం అలాగే ఉంటుంది, పక్క నుంచి వెలుగు పడితే ఆ పల్లం నీడ వేస్తుంది. హెచ్ కాదురా, ఎన్! అడ్డగీత ఏటవాలుగా ఉంది. చివరి అంకె 8 కాదు, 3. టోపీ ఎవరిదో, సంచీ ఎవరిదో. అమ్మేవాడు రెంటినీ కలిపి కాపురం పెట్టించాడు. అసలు నాకు అనుమానం ముందే రావాల్సింది, రవాణా విమానాల వాళ్ళు ఎక్కువగా మామూలు టోపీ మీదే హెడ్‌సెట్ పెట్టుకునేవాళ్ళు, ఈ తోలు టోపీలు బాంబర్ల వాళ్ళ దగ్గరే ఎక్కువ కనిపిస్తాయి. తెలిసీ పక్కకి నెట్టాను. మనకి కావాల్సిందే కనిపిస్తుంది కదా.

మళ్ళీ మొదటికొచ్చా. చిరుగులో అంకె సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా కావచ్చు. పదీ వరసగా కొట్టాను. కొన్నింటికి రికార్డే లేదు. హెచ్‌తో మొదలయ్యేవాళ్ళు పాత ఇటలీ ఆయన కాక ఇద్దరు. ఈసారి స్కేలు పెట్టాను. స్టెన్సిల్ అక్షరాల వెడల్పు దాదాపు ఒకటే, కాబట్టి మొదటి అక్షరానికీ చివరిదానికీ మధ్య ఖాళీ కొలిస్తే ఎన్ని అక్షరాలు పట్టేదీ తెలుస్తుంది. నాలుగు. మొత్తం ఆరక్షరాల పేరు, చివర ఎస్. ఒక్కడే మిగిలాడు. 1922లో పుట్టాడు, కెంటకీలో ఒహాయో నది ఒడ్డు కౌంటీ, పెళ్ళి కాలేదు, పని: లారీలు, ట్రాక్టర్లు నడపడం.

ఈసారి తొందరపడలేదు. సెయింట్ లూయిస్‌లో పాత సిపాయిల ఫైళ్ళుండే ఆఫీసుకి అర్జీ పెట్టాను. వచ్చే జవాబు ముందే తెలుసు. 1973 జూలై 12న అక్కడ మంటలంటుకుని కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్ళు కాలిపోయాయి. 1912 చివర్నుంచి 1959 చివరి దాకా సైన్యం నుంచి విడుదలైనవాళ్ళ ఫైళ్ళలో నూటికి 80 పోయాయి. ఇంకో కాపీ లేదు, మైక్రోఫిల్మ్ లేదు, ఏం కాలిందో చెప్పే జాబితా కూడా లేదు. వైమానిక దళం అప్పట్లో సైన్యంలో భాగమే కాబట్టి మనవాడూ ఆ గుంపులోనే. ఫైలు లేదు గానీ ఆఖరి జీతం తాలూకు ఒక్క కాగితం మిగిలింది, అవి వేరేగా దాచినవి. అందులో నంబర్ మొత్తం, చిరుగులో పోయిన అంకెతో సహా. ఆ కాగితం ప్రింట్ తీసి సంచీ పక్కన పెట్టి ఫోటో తీశాను, నీకు పంపను, పేరుంది అందులో.

తర్వాత పని తేలికే. 1950 జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్ళు దాటాక, 2022లో బయటపెట్టారు. అందులో భార్య, ఇద్దరు పిల్లలు, లారీ డ్రైవర్. ఊరి పేపర్లో 1944లో రెండు లైన్లు, ఫలానావారి అబ్బాయి ఇండియాలో రేడియో ఆపరేటర్‌గా ఉన్నాడని. ఆయన చనిపోయినప్పటి ప్రకటనలో కూతురి పేరు.

ఫోన్ చెయ్యలేదు. మన యాసలో ఫోన్ వచ్చి "మేడమ్, మీ నాన్నగారి సంచీ నా దగ్గరుంది" అంటే డెబ్బై అయిదేళ్ళ ఆవిడ ఏం చేస్తుంది? టక్కున పెట్టేస్తుంది, తప్పు కూడా కాదు. ఉత్తరమే రాశాను. ఈసారి వీరుడు, గీరుడు ఏమీ లేదు. ఇలా ఒక సంచీ కొన్నాను, దీని మీద నంబర్ ఇది, మీ నాన్నగారిదే అనుకుంటున్నాను, పొరబాటైతే క్షమించండి, కావాలంటే పంపిస్తాను, డబ్బులేమీ వద్దు.

నెల తర్వాత నాలుగు పేజీల జవాబు. అంతా కలిపిరాత, నాకు సగం అర్థం కాలేదు, మావాడికి ఇస్తే వాడికి అసలే రాదు, వాళ్ళ బళ్ళో నేర్పలేదట. చివరికి పక్కింటి ముసలాయన్ని కూర్చోబెట్టి చదివించుకున్నా. ఆ సంచీ వాళ్ళ నాన్నదే. ఆయన యుద్ధం గురించి చెప్పింది రెండే సంగతులట, రెక్కల మీది మంచు గడ్డలు ఊడి విమానం గోడకి తగిలే చప్పుడు, ఊరంతా టీ వాసన. తిరిగొచ్చాక ఆ సంచీలో లారీ చక్రాలకి చలికాలం కట్టే గొలుసులు వేసుకునేవారట, ముప్ఫై ఏళ్ళు. అదీ నా రక్తపు మరకల కథ! తుప్పురా బావా, తుప్పు!

ఇంకోటి విను. ఆ సంచీని అమ్మేసింది ఆవిడే. వాళ్ళమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్‌లో రెండు డాలర్లకి ఇచ్చేసిందట, అందులో గొలుసులతో సహా. వెనక్కి వద్దంది. "నేను దాచుకోలేదు, మీరు దాచుకున్నారు, మీ దగ్గరే ఉండనివ్వండి" అని రాసింది. సంచీ కోసం తను పోట్లాడుతుందేమో, ఇవ్వాల్సొస్తే నాకు బాధేస్తుందేమో అని నేను ముందే ఏవేవో ఊహించుకుని కూర్చున్నా, అదేమీ లేకపోయేసరికి ఏదో వెలితిగా కూడా అనిపించింది, నిజం చెప్పాలంటే.

కానీ ఒకటి అడిగింది, అక్కడే నువ్వు వస్తున్నావు. వాళ్ళ నాన్న ఆ ఊరి పేరు ఒక్కో రోజు ఒక్కోలా పలికేవారట, అసలు ఎలా పలకాలో చెప్పమంది, ఆ ఊరు చూడటానికి ఎలా ఉంటుందో కూడా. 1837లోనే అక్కడ తేయాకు తోట వేశారని, పేరులోనే టీ ఉందని, అస్సామీలో 'చాహ్' అంటే అదేనని రాశాను. పలకడం మాత్రం నాకూ నువ్వు చెప్పినట్టే తెలుసు, నువ్వు మన గుంటూరు యాసలో ఎలా విరిచావో ఏమో.

అందుకని ఒక పని చెయ్యి. బేస్ ఫోటోలేవీ వద్దు, ఆ గొడవ మనకెందుకు. నువ్వు తేయాకు తోటలో సైకిల్ పట్టుకుని, గొడుగు తిరగబడి, తడిసి ముద్దయిన ఫోటో ఒకటి ఉండాలి, మీ అమ్మగారు ఫ్రేమ్ కట్టించింది, అది తీసి నీట్‌గా స్కాన్ చేసి పంపు. ఫోన్‌తో ఫ్రేమ్ మీదే తీయకు, అద్దంలో నీ బట్టతల పడుతుంది. దాంతోపాటు అక్కడివాళ్ళు పలికినట్టు 'చాబువా' అని ఒక వాయిస్ మెసేజ్, రెండు సార్లు, నెమ్మదిగా. ఆవిడకి మనవరాలు ఫోన్‌లో వినిపిస్తుందట.

టోపీ ఇంకా బల్ల మీదే ఉంది. ఎన్, నాలుగంకెలు, ఇంకేమీ లేదు. నేనైతే ఇప్పట్లో ఎవరికీ ఉత్తరం రాయను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. గోంగూర పచ్చడి పంపేటప్పుడు మూత టేపుతో బిగించమను, కిందటిసారి పార్సిల్ అంతా నూనె.

నీ
బావ